వెనకవైపు వదినకి

జూన్ 3

అన్నయ్యకి,

నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న ఫోన్ చేస్తే నువ్వు అవతల "ఎవరూ? ఎవరూ?" అని పదిసార్లు అరిచి పెట్టేశావు. నలభై ఏళ్లు సైలెన్సర్ల పక్కన కూర్చున్న చెవులు, వాటిని ఏమని ఏం లాభం? ఇక కాగితమే మనకి గతి.

నీ సలహా ఒకటి కావాలి. ఇంట్లోకి ఒక మోటార్ సైకిల్ కొనాలనుకుంటున్నాం. ఊరి చివర గుట్టమీద రాళ్ల క్వారీ ఉంది, దాని పక్కనే కాలనీ. రోజూ అక్కడిదాకా వెళ్లిరావాలి. వచ్చే నెల నుంచి ఆ దారిలో బస్సు తీసేస్తున్నారు. దారంతా కంకర, లారీలు తొక్కిన గాడులు. స్కూటర్ చిన్న చక్రాలు ఆ గాడుల్లో నిలవవని అందరూ అంటున్నారు, అందుకే మోటార్ సైకిల్. నడిపేవాళ్లు బొత్తిగా కొత్త. సైకిలు మాత్రం వచ్చు. వెనక చిన్న పెట్టె ఒకటి కట్టుకోవాలి.

ఇలాంటివాళ్లకి మొదటి బండిగా ఏది మంచిది? కొత్తదా, పాతదా? కొట్టులో అడిగితే నిగనిగలాడే పొడుగుబండి ఒకటి చూపించి "ఇది ఎక్కితే సింహమేనండీ" అన్నాడు. మాకు సింహం అక్కర్లేదు, గుట్ట ఎక్కితే చాలు.

నీ చెల్లెలు,
పానా

(చిన్నప్పుడు నీకు పానాలు అందించిన పాపానికి పెట్టిన పేరు. యాభై ఏళ్లొచ్చినా సంతకంలోంచి పోవడం లేదు.)

(కాగితం వెనకవైపు)

వదినా,

ముందువైపు అన్నయ్యకి, వెనకవైపు నీకు. నా పెళ్లైన ముప్పై ఏళ్ల నుంచీ ఇదే పద్ధతి. అన్నయ్య కాగితం తిప్పడన్న ధైర్యంతో రాస్తున్నాను. నిలబడి ఉంటే కూర్చో.

బండి నాకే.

నేను ఇల్లిల్లూ తిరిగి పుళ్లకి కట్లు కట్టే పనిలో ఉన్నానని నీకు తెలుసుగా. గుట్టమీద నాకు పదకొండుమంది ఉన్నారు. అందులో రాళ్లు కొట్టే ముసలాయనకి పాదానికి షుగరు పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందని మా డాక్టరమ్మ అంది. బస్సు ఆగిపోతోంది కదా, ఆగస్టు నెలాఖరులోగా లైసెన్సూ, సొంత బండీ ఉన్నవాళ్లనే గుట్టమీదికి పంపుతారట. లేనివాళ్లు మందుల గదిలో అట్టపెట్టెలు సర్దుకోవాలి. నా చోట ఇంకెవర్నైనా వేస్తారా అని అడిగాను. "ఎవరున్నారమ్మా?" అంది.

అన్నయ్యకి ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. పందొమ్మిదేళ్లప్పుడు ఒకసారి "నాకూ బండి నేర్పు" అన్నాను. షెడ్డులో అందరిముందూ నవ్వి, "పానా అందించు, చాలు" అన్నాడు. ఇప్పుడు చెబితే సలహా ఇవ్వడు, మా ఆయనకి చీవాట్లు పెడతాడు. చెప్పాలనిపిస్తే నువ్వే చెప్పు. నేను అబద్ధం మాత్రం ఒక్కటీ రాయలేదు.

---

జూన్ 12

పానాకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మేనల్లుడికి ఇన్నాళ్లకి బుద్ధి పుట్టింది! మెకానిక్ మేనమామని పెట్టుకుని, ఇరవై ఐదేళ్లొచ్చినా బస్సులో కిటికీ పక్క సీటు కోసం కొట్లాడేవాణ్ణి చూసి ఇన్నాళ్లూ తలదించుకున్నాను. వాడి టెలిఫోన్ ఆఫీసు బజారు నడిమధ్య కదా, గుట్టమీద వాడికేం పని అన్నది తర్వాత అడుగుతాను. ముందు బండి సంగతి.

కొత్తది కొనకండి. మొదటి బండి పడెయ్యడానికి కొనేది. కొత్తబండి పడితే మనిషి బండికోసం ఏడుస్తాడు, పాతబండి పడితే లేచి దులుపుకుంటాడు. ఇంజను చిన్నది చాలు. కొత్తవాడి చేతికి పెద్ద ఇంజను ఇవ్వడమంటే చంటిపిల్లాడి చేతికి గొడ్డలి ఇవ్వడమే. బరువు నూట ఇరవై కిలోలు దాటకూడదు. పడిన బండిని ఒంటరిగా లేపలేనివాడు దాన్ని నడపకూడదు. ఇది నా షెడ్డులో చట్టం. బ్రేకులు, చైను, చక్రాల వదులు చూడకుండా ఎవడి మాటా నమ్మొద్దు. బండి తుడిచి మెరిపించి అమ్మేవాడు ఏదో దాస్తున్నాడని లెక్క.

వీటన్నిటికంటే ముఖ్యం సీటు ఎత్తు. ఆగినప్పుడు పాదం నేలకి ఆనాలి. బండి నడిచేటప్పుడు ఎవడూ పడడు, ఆగేటప్పుడు పడతాడు. వాణ్ణి గోడకి ఆనుకుని నిలబడమను. కాళ్ల మధ్య అట్టపుస్తకం పైదాకా జరిపి, అక్కణ్ణుంచి నేలకి టేపు పెట్టి కొలిచి ఆ అంగుళాలు రాయి. వాడు దూకుడు మనిషా, బెరుకు మనిషా అన్నదీ రాయి. తల్లివి కాబట్టి వెనకేసుకురాకు.

అన్నయ్య

(వెనకవైపు)

అమ్మాయీ,

చదివి నవ్వుకున్నాను, తర్వాత భయపడ్డాను, తర్వాత మళ్లీ నవ్వుకున్నాను. నేను చెప్పలేదు. "వెనకవైపు కూడా చదవండి" అని మాత్రం అన్నాను. "మీ కుట్లూ అల్లికల గోల నాకెందుకు? ఆడవాళ్ల మాటల్లోకి తొంగిచూసే రకాన్ని కాను" అన్నారు. ముప్పై ఏళ్లుగా అది మర్యాద అనుకుంటున్నారు పాపం. ఆయన మర్యాదని నేనెందుకు చెడగొట్టాలి?

జాగ్రత్తగా నేర్చుకో. హెల్మెట్ మంచిది కొను. ఆ ముసలాయన పాదం సంగతి రాస్తూ ఉండు.

---

జూన్ 20

అన్నయ్యకి,

నువ్వు రాసినవన్నీ రెండుసార్లు చదివి, ముఖ్యమైనవాటి కింద గీతలు పెట్టుకున్నాను. అడిగినవాటికి జవాబులు. కొలత ఇరవై ఏడు అంగుళాలు. మనిషి బెరుకే. బండి ఎక్కేముందు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునే రకం. నాలుగుసార్లు పడటం అయింది. నువ్వన్నట్టే నాలుగుసార్లూ ఆగేటప్పుడే. బండిని లేపడానికి మాత్రం ఇంకొకరి సాయం తీసుకోవాల్సి వచ్చింది. అది ఎవరో తెలిసినవాళ్ల బండి, పొడుగు, బరువు. నీ చట్టం ప్రకారం మేము దాన్ని నడపకూడదు. కానీ ప్రస్తుతానికి అదే దిక్కు.

క్లచ్ వదిలేటప్పుడు బండి గుర్రుమని ఎగిరి ఆగిపోతోంది. దానికేం చెయ్యాలి?

నీ చెల్లెలు,
పానా

(వెనకవైపు)

వదినా,

ముందువైపు ఒక్క అబద్ధం లేదు, కావాలంటే వెతుక్కో. ఇలా రాయడం గుట్ట నడిచి ఎక్కడంకంటే కష్టంగా ఉంది. ప్రార్థనకి కూర్చుంటే ఈ ఉత్తరమే గుర్తొస్తోంది. నిజం చెప్పకపోవడమూ అబద్ధం చెప్పడమూ ఒకటేనా అని మా ఆయన్ని అడిగాను. "నువ్వు ముందు పడకుండా ఆగడం నేర్చుకో, పాపపుణ్యాలు తర్వాత" అన్నారు.

మనకి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మాన్ తన బండి ఇచ్చి నేర్పుతున్నాడు. ఆదివారాలు ఇటుకల బట్టీ పక్క మైదానంలో. మా ఆయన పాత ప్యాంటు మడిచి వేసుకుంటున్నాను. ఆయన చెప్పులు విడిచి, వెనక క్యారియర్ పట్టుకుని పరిగెడుతున్నారు. యాభై ఆరేళ్ల గోడౌన్ గుమాస్తా అలా పరిగెడుతుంటే ఇటుకలు మోసేవాళ్లు పని ఆపి చూస్తున్నారు. మొన్న ఆయన ఎప్పుడో వదిలేసి అక్కడే ఒగరుస్తూ నిలబడిపోయారు. నేను అది తెలియక "బాగా పట్టుకున్నారా?" అని మాట్లాడుకుంటూ మైదానం చివరిదాకా వెళ్లిపోయాను. తెలిశాక పడ్డాను.

మోకాలు దోక్కుపోయింది. నా కట్టు నేనే కట్టుకున్నాను.

---

జూన్ 29

పానాకి,

ఇరవై ఏడా? నువ్వు టేపు తిరగేసి పట్టుకున్నట్టున్నావు. మూడేళ్లకిందట వచ్చినప్పుడు వాడు మా గుమ్మానికి తల కొట్టుకున్నాడు. మూడేళ్లలో మనిషి అంత కుంగిపోతాడా? మళ్లీ కొలిచి రాయి.

క్లచ్ గురించి. క్లచ్ అంటే తలుపు. ధడాలున తీస్తే లోపలివాళ్లు ఉలిక్కిపడతారు. సగం తీసి ఒక్క క్షణం ఆగాలి, బండి 'సరే' అన్నాక మిగతాది వదలాలి. వాడికిలా చెప్పు: నిద్రపోతున్న రోగి లేవకుండా పుండుమీద పాత గుడ్డ తీసేటప్పుడు మీ అమ్మ ఎలా తీస్తుందో అలా వదలరా అని. ఆ నిదానం నీ చేతిలో ఉంది, వాడికి రాలేదు.

ఇప్పుడు అసలు మాట. గుట్టమీద ఎవరున్నారు? రోజూ వెళ్లాలంటున్నావు. బస్సు లేకపోయినా వెళ్లాలట, పడుతూ లేస్తూ నేర్చుకుంటున్నాడట. పని కోసం ఏ మగాడూ ఇంత కష్టపడడు. దాచకుండా రాయి.

అన్నయ్య

(వెనకవైపు)

అమ్మాయీ, ఆ క్లచ్ ముక్క రాసేటప్పుడు ఆయన నీ పేరు తలుచుకుని కాసేపు కలం ఆపారు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో గుట్టమీద అమ్మాయెవరో ఉందన్న ఊహలోకి వెళ్లిపోయారు. ఇక నా వల్ల ఏమవుతుంది?

---

జూలై 8

అన్నయ్యకి,

మళ్లీ కొలిచాం. ఇరవై ఏడే. దేవుడిచ్చిన కొలత, టేపు తిప్పినా మారదు.

క్లచ్ గురించి నువ్వు చెప్పింది అద్భుతంగా పనిచేసింది. ఒక్క ఆదివారంలో ఎగరడం మానేసింది.

గుట్టమీద ఎవరున్నారని అడిగావు. దాచను. తలుపు తీసుకుని, గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. బస్సు ఆగిపోయాక నడిచి వెళ్తే రోజుకి ముగ్గురినే చూడటం కుదురుతోంది. ఒకరోజు వెళ్లకపోతే మర్నాడు "మమ్మల్ని మరిచిపోయారనుకున్నాం" అంటారు. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోవడం కుదరదు. నువ్వు వేరేగా అనుకుంటున్నావేమో. అన్నయ్యా, నా మాట విని ఈ ఒక్కసారి కాగితం తిప్పి చదువు.

పానా

(వెనకవైపు)

వదినా,

ముందువైపు రాసేశాను, తిప్పి చదవమని. ఇంతకంటే ఏం చెయ్యను? అన్నయ్యా, నువ్వు గనక ఇది చదువుతుంటే: బండి నాకు. తప్పైతే క్షమించు.

వదినా, ముసలాయన పుండు మళ్లీ పెద్దదైంది. ఎండలో నాలుగు మైళ్లు ఎక్కి వెళ్లేసరికి నా చేతులు వణుకుతున్నాయి, ఆ చేతులతో కట్టు సరిగ్గా కుదరడం లేదు. ఆయన నాకే మంచినీళ్లిచ్చి, "కట్లమ్మా, కూర్చో, నాకేం తొందర?" అంటాడు. తొందర ఆయన పాదానికి ఉంది.

పోస్ట్‌మాన్ బండిమీద లైసెన్సు పరీక్షకి కావాల్సిన ఎనిమిది అంకె వెయ్యడం నాకు రావడం లేదు. మలుపులో కాలు చాపితే నేల అందదు. అందదన్న భయానికే పడిపోతున్నాను. బజార్లో చూసిన పాతబండ్లన్నీ మగవాళ్ల కాళ్లకి చేసినవే.

---

జూలై 19

పానాకి,

నాకు అర్థమైంది. గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుందట, ఒక్కరోజు వెళ్లకపోతే మరిచిపోయారంటుందట! ఆ పిల్లని 'వాళ్లు' అని గౌరవంగా రాయడంలోనే తెలిసిపోయింది, నీకు నచ్చిందని. ఈ వయసులో మనం అడ్డుపడితే వినేదెవరు? రాళ్లు కొట్టేవాళ్ల పిల్ల అయితే ఏం, రెక్కల కష్టం తెలిసినవాళ్లు. ఐనా మేనమామగా ఒక మాట చెప్పాలి గనక వాడికి వేరే ఉత్తరం రాశాను. కాస్త గట్టిగానే రాశాను.

కొలత సంగతీ తేల్చాను. మీ అత్తవారివైపు అందరికీ నడుములు పొడుగు, కాళ్లు పొట్టి. బావని కూర్చున్నప్పుడు చూసి పొడగరి అనుకున్నాను, లేచాక తెలిసింది. అదే పోలిక.

బండి కొనకండి. నా ముసలిది ఇస్తాను. ఇరవై ఏళ్లుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని బండి, నీకు తెలుసు. నూటపది కిలోలు, ఇంజను చిన్నది, బుద్ధిమంతురాలు. సీటు ఎత్తు ముప్పైఒకటి ఉండేది. సీటు విప్పి లోపలి స్పంజి కోశాను, వెనక షాకబ్సార్బర్లు పొట్టివి వేశాను, ఇరవై ఎనిమిదికి దిగింది. బూటు మందం కలిస్తే పాదాల ముందుభాగం నిండుగా ఆనుతుంది. హ్యాండిల్ రెండంగుళాలు దగ్గరికి వంచాను. వెనక పెట్టెకి ఇనపచట్రం చేశాను. వచ్చి తీసుకెళ్లమను. వాడి చేతికే ఇస్తాను, మధ్యలో ఎవరూ వద్దు.

తిప్పి చదవమన్నావు. మీ వదిన చదివింది, చాలు. నా పద్ధతి నాది.

అన్నయ్య

(వెనకవైపు)

అమ్మాయీ,

పొద్దున్నే షెడ్డుకి వెళ్లి చీకటి పడే వేళకి వస్తున్నారు. ఈల వేస్తున్నారు. ఆయన ఈల విని పదేళ్లయింది. నీ కొలత ఎత్తున సుద్దముక్కతో గోడమీద గీత గీసుకున్నారు. ఆ గీత పక్కన నిలబడి చూశాను, నా నడుముకి జానెడు కిందకొచ్చింది. ఇంత కింద ఉన్న గీత చూసి కూడా ఆయనకి నువ్వు గుర్తు రాకపోతే అది కళ్ల తప్పు కాదు.

ఇక నవ్వులాట చాలు. నీకు సరిపోయే బండి ఈ లోకంలో ఒక్కటే ఉంది, అది వేరేవాడి పేరుమీద తయారవుతోంది. ముందువైపు రాయి. ఈసారి రాయకపోతే పాపం నీకొక్కదానికే కాదు, నాకూ చుట్టుకుంటుంది.

---

జూలై 28

అన్నయ్యకి,

ఈ ఉత్తరానికి వెనకవైపు ఏమీ లేదు. అంతా ఇక్కడే రాస్తున్నాను.

బండి అబ్బాయికి కాదు, నాకు. ఇరవై ఏడు అంగుళాలు నావి. పడింది నేను, లేచింది నేను. గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేవాళ్లు నా రోగులు, మొత్తం పదకొండుమంది. అందులో ఒకాయనకి పాదం పోయేలా ఉంది. ఆగస్టు ఇరవై రెండున నా పరీక్ష. అది తప్పితే గుట్టమీదికి వెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు.

మొదటి ఉత్తరంలోనే రాసి ఉండాల్సింది. నువ్వు నవ్వుతావని భయపడ్డాను. నువ్వు అల్లుడనుకుని సలహాలిస్తుంటే, దిద్దితే ఆ సలహాలు ఆగిపోతాయని ఊరుకున్నాను. ఒక్క అబద్ధం రాయలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దేవుడు మాత్రం ఆ సర్దుబాటు ఒప్పుకోలేదు, రెండు నెలలుగా ప్రార్థనలో మనసు నిలవడం లేదు.

నీ ముసలిది వాడికోసం సిద్ధం చేశావు. నాకు ఇవ్వనంటే నేనేమీ అనుకోను. క్లచ్ గురించి చెప్పింది చాలు నాకు.

అబ్బాయికి నువ్వు రాసిన గట్టి ఉత్తరం అందింది. చదివి ముఖం కందిపోయి, "మామయ్యని కలిసి మాట్లాడతాను" అన్నాడు. ఏ తప్పూ లేనివాడు అంత కంగారు ఎందుకు పడ్డాడో తెలియలేదు. ఆదివారం వస్తాడు. వాణ్ణేమీ అనకు. నన్ను అను.

నీ చెల్లెలు,
పానా

---

ఆగస్టు 6

అమ్మాయీ,

ఈసారి ముందువైపు నాదట, ఆయన నాకే ఇచ్చేశారు. ఏం రాయాలో తోచడం లేదు, ఇంత వెలుతురులో రాయడం అలవాటు లేదు. నేను బాగున్నాను. అల్లుడు రెండు రోజులుండి వెళ్లాడు. ఇక కాగితం తిప్పు.

వదిన

(వెనకవైపు)

పానా,

ఈ వైపు నాకు కొత్త. ఇక్కడ అక్షరాలు ఎందుకో చిన్నవిగా వస్తున్నాయి.

ఆదివారం అల్లుడు వచ్చాడు. రావడం రావడమే మళ్లీ గుమ్మానికి తల కొట్టుకున్నాడు. అప్పుడే తెలియాల్సింది. బండి చూపించి ఎక్కమన్నాను. ఎక్కాడు. మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి, మిడత కూర్చున్నట్టు.

"గేరు వెయ్ రా" అన్నాను.

"గేరు ఎక్కడుంటుంది మామయ్యా?"

"రెండు నెలలుగా నేర్చుకుంటూ గేరు ఎక్కడంటావేంరా?"

"నేనా? మొన్ననే కదా బస్సు పాసు తీసుకున్నాను!"

మీ వదిన వంటగది గుమ్మంలో నిలబడి కొంగుతో నోరు మూసుకుంది. "ఎవరివే ఆ ఇరవై ఏడు?" అన్నాను. "తిప్పి చదవండి" అంది.

తిప్పాను. నీ జూలై ఎనిమిది ఉత్తరం వెనకవైపు చదివి, దానికి ముందుది తీశాను. మీ వదిన అన్నీ ట్రంకుపెట్టెలో వరసగా కట్టి దాచింది. మర్నాడు పోస్టులో నీ ఉత్తరం వచ్చింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి నువ్వు అసలు మాట ముందువైపు రాశావు. అదే రోజు నేను మొదటిసారి వెనకవైపులు చదువుతూ కూర్చున్నాను. ఒక్కరోజు ముందు రాసి ఉంటే నాకు ఇంత పని తప్పేది.

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నా వైపున ముప్పై ఏళ్లు "అందరం బాగున్నాం". ఈ వైపున నీ మొదటి కాన్పు పోవడం. బావ గోడౌన్‌లో పని పోయి ఏడాది ఇంట్లో కూర్చోవడం. నీ ఆపరేషను. నేను ఆ ఏడాది నీకు ఏం రాశానా అని గుర్తు చేసుకుంటే, చైనుకి నూనె ఎప్పుడు వెయ్యాలో రెండు పేజీలు రాశాను. మీకు అప్పుడు బండే లేదు.

నీ పెళ్లైన కొత్తలో రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది. "అన్నయ్య నవ్విన మర్నాటి నుంచి పానా అందించడం మానేశాను. ఆయన గమనించలేదు" అని. గమనించాను. నీకు ఆ పనిమీద ఇష్టం పోయిందనుకున్నాను. అడగలేదు. అడిగే వైపు ఏదో నాకు తెలియదు.

ఇంకో సంగతి. అల్లుడు వచ్చింది నా ఉత్తరానికి భయపడి. "గుట్టమీద కాదు మామయ్యా, మా ఆఫీసులోనే, నా ఎదురు కౌంటరు అమ్మాయి" అన్నాడు. రెండేళ్లుగానట. అమ్మకి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడట. కాబట్టి కాగితం తిప్పనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకోకు.

పద్నాలుగో తారీకున బండి లారీలో ఎక్కించుకుని నేనే వస్తున్నాను. వాడి చేతికే ఇస్తానన్న మాట వెనక్కి తీసుకున్నాను. పరీక్షకి ఎనిమిది రోజులుంటుంది. సీటు అరంగుళం కూడా మార్చనక్కర్లేదు, నీ కొలతకే చేశాను కదా, తెలియకపోతేనేం. ఎనిమిది వేసేటప్పుడు ముందు చక్రాన్ని చూడకు. ఎక్కడికి వెళ్లాలో అక్కడ చూడు, బండి చూపు వెనకే వస్తుంది. బావని ఇక పరిగెత్తొద్దను. నేను ఎదురుగా నిలబడతాను. నన్ను చూస్తూ రా.

గుద్దకు.

అన్నయ్య

---

సెప్టెంబర్ 2 (కార్డు)

అన్నయ్యకీ వదినకీ,

కార్డుకి వెనకవైపు చిరునామాకే సరిపోతుంది. ఇద్దరూ ఒకే వైపు చదువుకోండి, తోసుకోకుండా.

అన్నయ్య రైలెక్కిన మర్నాటి నుంచి గుట్ట ఎక్కుతున్నాను. పదకొండుమందినీ మధ్యాహ్నంలోగా చూసేస్తున్నాను. మొదటిరోజు బండి చప్పుడు విని ముసలాయన క్వారీ మేస్త్రీ వచ్చాడనుకుని మంచం కింద దూరాడు. పుండున్న కాలు మాత్రం బయటే ఉంది. "కట్లమ్మని" అంటే నమ్మలేదు, హెల్మెట్ తీశాక వచ్చాడు. పుండు ఇప్పుడు రూపాయి బిళ్లంత. పాదం నిలుస్తుందని డాక్టరమ్మ అంది. దేవుడికి దణ్ణం.

అబ్బాయి ఆ పిల్లని ఆదివారం తీసుకొచ్చాడు. మంచి పిల్ల. ఆమెకి స్కూటర్ వచ్చట. వాడు వెనక కూర్చుని వచ్చాడు.

వదినా, అన్నయ్యని అడుగు. పరీక్షలో నా మొదటి ఎనిమిది చెడింది బండి వల్లా కాదు, కాళ్ల వల్లా కాదు. ఎదురుగా నిలబడి ఏడుస్తున్న మనిషిని చూస్తూ బండి నడపడం ఎవరికి సాధ్యం? రెండోసారి ఆయన్ని అటు తిరిగి నిలబడమన్నారు, అప్పుడు వచ్చింది.

అన్నయ్యా, పది నంబరు పానా ఇక్కడే మరిచిపోయావు. పంపను. చైను వదులైతే నాకు కావాలి.

పానా